ఓడ జాడ – ఒడ్డు బాధ్యత

క్రిందటి విద్యాసంవత్సరంలో ఒకనాడు తరగతిలో ఒక చిన్న ప్రశ్న అడిగాను. "మన బందరు భూగోళం మీద సరిగా ఎక్కడ ఉన్నది? అక్షాంశ రేఖాంశాలు ఎవరైనా చెప్పగలరా?" ముందు బెంచీలలోని వారు పుస్తకం వెదకనారంభించారు. వెనుక బెంచీలో కూర్చున్న గిలకలదిండి అబ్బాయి ఒకడు, సెలవులలో మేనమామ పడవ మీద వేటకు పోయేవాడు, లేచి నిలబడి టెలిఫోను నంబరు చెప్పినంత సులభంగా "పదహారు పది, ఎనభై ఒకటి ఎనిమిది సార్" అన్నాడు. అంటే ఉత్తర అక్షాంశం 16 డిగ్రీల 10 నిమిషాలు, తూర్పు రేఖాంశం 81 డిగ్రీల 8 నిమిషాలు. పడవలోని జీపీఎస్ పెట్టె మీద రోజూ చూచే అంకెలు గనుక అవి అతనికి కంఠస్థమైనవి.

అతని తెలివికి సంతోషించి మరొక ప్రశ్న వేశాను. "నడిసముద్రంలో మీ పడవ ఎక్కడ ఉన్నదో ఆ పెట్టె మీకు చెబుతుంది, బాగానే ఉన్నది. ఒడ్డున ఉన్న మీ అత్తకు ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పరు సార్. మేము తిరిగి వస్తేనే తెలిసేది."

తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ రెండు జవాబుల మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసానికి విషయం.

ఓడ తన స్థానాన్ని తాను ఎరుగుట ఒక విద్య. ఓడ స్థానాన్ని ఒడ్డు ఎరుగుట మరొక విద్య. మొదటిది వేల సంవత్సరాల కృషికి ఫలమై నేడు అరచేతిలో ఇమిడే పరికరంగా చిన్న పడవలకు కూడ చేరినది. రెండవది పెద్ద ఓడలకు దక్కినంతగా పేదవాని పడవకు దక్కలేదు. విజ్ఞానం ఎంత సూక్ష్మంగా కొలిచినా, ఆ కొలత ఒడ్డున ఉన్నవారి చెవిన పడనంతవరకు, ఆపద వేళ దానివలన కలిగే మేలు సగమే అని నా అభిప్రాయం. ఈ లోపాన్ని పూరించుటలో మన కళాశాలకు కూడ ఒక పాత్ర ఉన్నదని మనవి చేయదలచాను.

మన ఊరి పేరులోనే ఈ విద్య చరిత్ర దాగి ఉన్నది. "బందరు" అనే మాటకు పారశీకంలో రేవు అని అర్థం. 17వ శతాబ్దిలో గోలకొండ కుతుబ్ షాహీ సుల్తానుల రాజ్యానికి ఇది ముఖ్యమైన రేవు. ఇక్కడి అద్దకపు బట్టలతో ఓడలు తూర్పున పెగూకు, ఆచేకు, పడమట బందర్ అబ్బాసుకు, ఎర్రసముద్రపు రేవులకు పోయేవి. 1606లో డచ్చివారు, 1611లో "గ్లోబ్" అనే ఓడ మీద ఆంగ్లేయులు ఇక్కడికి వచ్చి వర్తకశాలలు నెలకొల్పుకొన్నారు. ఓడలు బండ్లగును, బండ్లు ఓడలగును అన్న సామెతకు మన బందరును మించిన ఉదాహరణ లేదు.

హిందూ మహాసముద్రంలో ఓడకు దారి చూపేవానిని అరబ్బీలో "ముఅల్లిం" అని పిలిచేవారు. ముఅల్లిం అంటే బోధించువాడు, గురువు. 15వ శతాబ్దిలో జీవించిన అహ్మద్ ఇబ్న్ మాజిద్ ఈ విద్య మీద గ్రంథాలు రచించిన ప్రసిద్ధ నావికుడు. వారి చేతిలోని సాధనం పేరు "కమాల్". అది చూచుటకు ఎంతో సామాన్యమైనది. ఒక చిన్న చెక్క పలక, దాని నడుమ రంధ్రం గుండా కట్టిన త్రాడు, ఆ త్రాటికి కొన్ని ముడులు. త్రాటిని పండ్ల మధ్య పట్టుకొని, పలక క్రింది అంచు సముద్రం ఆకాశం కలిసే గీతను, పై అంచు ధ్రువనక్షత్రాన్ని తాకునట్లు పలకను ముందుకు వెనుకకు జరిపి, ఏ ముడి వద్ద సరిపోయినదో చూచేవారు. ధ్రువతార ఎంత ఎత్తున కనబడితే ఆ చోటి అక్షాంశం ఇంచుమించు అంతే. బందరు తీరాన నిలిచి చూస్తే ఆ తార సుమారు 16 డిగ్రీల ఎత్తున ఉంటుంది. తెలిసిన రేవు ఎత్తుకు త్రాటిపై ముడి వేసి ఉంచుకొన్న నావికుడు, ఆ ముడికి తార సరిపోగానే తాను ఆ రేవు అక్షాంశాన్ని చేరినట్లు గ్రహించేవాడు.

అక్షాంశం ఈ విధంగా సులభంగా లొంగినది. రేఖాంశం మాత్రం లొంగలేదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది గనుక ఒక డిగ్రీకి 4 నిమిషాల కాలం. రెండు ప్రదేశాల కాలభేదం తెలిస్తే రేఖాంశ భేదం తెలుస్తుంది. కాని ఒక్క 4 నిమిషాలు పొరబడితే మన అక్షాంశం మీద ఓడ నూరు కిలోమీటర్లకు పైగా తప్పిపోయినట్లే. కాబట్టి సముద్రం మీద స్థానం తెలుసుకొనుట అంటే చివరకు కాలాన్ని సరిగా తెలుసుకొనుటే. ఈ సూత్రాన్ని పాఠకులు గుర్తుంచుకొనవలెను. నేటి ఉపగ్రహాలు కూడ దీని మీదనే నడుస్తున్నవి.

రెండు వందల ఏండ్ల క్రిందట మన తీరంలో రేఖాంశాలను సరిచూచుటకు ఉపకరించిన సాధనాలలో ఒకటి కూడ ఉపగ్రహాలే అంటే నేటి విద్యార్థికి వింతగా తోచవచ్చును. అవి మానవుడు ఎగురవేసినవి కావు. బృహస్పతి గ్రహం చుట్టూ తిరిగే చంద్రులు. ఆ చంద్రులు బృహస్పతి నీడలో మరుగుపడే క్షణాలను గ్రీనిచ్ కాలం ప్రకారం ముందుగానే లెక్క కట్టి పట్టికలుగా అచ్చువేసేవారు. అదే గ్రహణాన్ని ఇక్కడ దుర్భిణితో చూచి స్థానిక కాలంతో పోల్చితే రేఖాంశం తెలిసేది. ఊగే ఓడ మీద దుర్భిణి నిలువదు గనుక ఈ పని నేల మీదనే జరిగేది.

ఆ కాలంలో కోరమండల్ తీరపు స్థానాలను ఖగోళ పరిశీలనల వలన నిర్ణయించుటకు శ్రమించినవాడు మైకేల్ టాపింగ్ అనే సర్వేయరు. 1792లో మదరాసులో వెలసిన ఈస్టిండియా కంపెనీ వేధశాలకు రూపకల్పన చేసినవాడు ఆయనే. 1794లో ఎనిమిదిమంది విద్యార్థులతో ఆయన ఆరంభించిన సర్వే పాఠశాల పెరిగి పెరిగి గిండీ ఇంజనీరింగు కళాశాల అయినది. ఆ టాపింగ్ 1796లో కన్నుమూసినది మన బందరులోనే. మదరాసు వేధశాలలో పరికరం నిలుపుటకు నాటిన రాతి స్తంభం మీద ఆయన పేరు ఉన్నది. దాని స్థాపన విషయం లాటినుతో పాటు తమిళ, తెలుగు, హిందుస్తానీ భాషలలో చెక్కించారు. తెలుగు, ఉర్దూ రెండు భాషలలోను వెలువడే మన సంచికకు ఈ సంగతి ముచ్చట గొలుపుతుంది. కాని ఒక్క విషయం ఆలోచించవలెను. రాతి మీద మన భాషలు ఎక్కినవి. ఆ శాస్త్రఫలం మాత్రం కంపెనీ ఓడలకే దక్కినది. మన తీరపు తెప్పలవాడు ఆ తరువాత కూడ నక్షత్రాలను, నీటి రంగును, గాలి వాటాన్ని, ఒడ్డున కనబడే తాడిచెట్లను నమ్ముకొనే బ్రతికాడు. విజ్ఞానం పెద్ద ఓడకు ముందు, చిన్న పడవకు చివర చేరుట ఆనాటి నుండి వచ్చిన ఆచారమే.

ఇక మానవుడు నిర్మించిన ఉపగ్రహాల సంగతి. 1957 అక్టోబరులో సోవియట్ రష్యా స్పుత్నిక్ ను ప్రయోగించగా, అమెరికాలో ఇద్దరు యువ శాస్త్రజ్ఞులు దాని రేడియో ధ్వనిని విని, దగ్గరకు వచ్చే రైలు కూతకు, దూరమయ్యే రైలు కూతకు తేడా ఉన్నట్లే ఆ ధ్వనిలో కలిగే మార్పును బట్టి ఉపగ్రహం దారిని లెక్కించారు. భూమి మీద మన స్థానం తెలిస్తే ఉపగ్రహం స్థానం తెలిసినప్పుడు, ఉపగ్రహం స్థానం తెలిస్తే మన స్థానం ఎందుకు తెలియరాదు అన్న తలక్రిందులు ప్రశ్న నుండి "ట్రాన్సిట్" అనే పద్ధతి పుట్టినది. అది 1964 నుండి అమెరికా నౌకాదళానికి, 1967 నుండి ఇతర ఓడలకు ఉపయోగపడినది. తరువాత వచ్చినది జీపీఎస్. 1995 నాటికి 24 ఉపగ్రహాలతో అది సంపూర్ణమైనది.

దాని పనితీరు ఇది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ప్రతి ఉపగ్రహంలోను పరమాణు గడియారం ఉంటుంది. "నేను ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత" అని అది ఎడతెగకుండా చాటుతుంది. ఆ సందేశం పడవను చేరుటకు పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణిస్తే ఉపగ్రహానికి పడవకు మధ్య దూరం వస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు స్థానాన్ని తేల్చును. పడవలోని గడియారం అంత ఖచ్చితమైనది కాదు గనుక దాని దోషాన్ని సరిదిద్దుటకు నాలుగవది కావలెను. గడియారం సెకనులో పదిలక్షవ వంతు తప్పితే దూరంలో 300 మీటర్ల తప్పు వస్తుంది. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ప్రకారం ఆ ఎత్తున ఉన్న గడియారం రోజుకు సుమారు 38 మైక్రోసెకనులు ముందుకు నడుస్తుంది. దానిని సవరించకపోతే ఒక్కరోజులోనే దూరం లెక్క పది కిలోమీటర్లకు పైగా తప్పును. గ్రంథాలయంలో అట్టకట్టి ఉన్న సాపేక్ష సిద్ధాంతం గిలకలదిండి పడవలో ప్రతిదినం పని చేస్తున్నదని మన భౌతికశాస్త్ర విద్యార్థులు తెలుసుకొనుట మంచిది.

మొదట్లో అమెరికా ప్రభుత్వం సామాన్యులకు అందే సంకేతాన్ని కావాలని మసకబరచినది. అందుచేత సుమారు నూరు మీటర్ల తేడా వచ్చేది. 2000 మే నెలలో ఆ మసకను తొలగించారు. నాటి నుండి సముద్రం మీద కొద్ది మీటర్ల తేడాతో స్థానం తెలుస్తున్నది. అయినను పరుల దీపం పరులదే. ఒకరు ఇష్టపడి వెలిగించి, ఇష్టం లేనప్పుడు ఆర్పగల దీపం మీద ఒక దేశం ఆధారపడరాదు. ఈ ఎరుకతో మన భారత అంతరిక్ష పరిశోధన సంస్థ 2013 నుండి 2016 వరకు ఏడు ఉపగ్రహాలను శ్రీహరికోట నుండి పంపి "నావిక్" అనే సొంత పద్ధతిని ఏర్పరచినది. విమానాల కొరకు "గగన్" అనే సవరణ పద్ధతిని కూడ నెలకొల్పినారు. ఇది గర్వించదగిన కార్యమే. కాని ఇల్లు అలకగానే పండుగ కాదు. నావిక్ తొలి ఉపగ్రహాలలో కొన్నింటి గడియారాలు చెడినవి. 2017 ఆగస్టులో ప్రత్యామ్నాయంగా పంపినది కక్ష్యను చేరలేదు. 2023 మేలో స్వదేశీ గడియారంతో పంపినది చేరినది. 2025 జనవరిలో శ్రీహరికోట నుండి జరిగిన నూరవ ప్రయోగంలో పంపిన ఉపగ్రహం అనుకొన్న కక్ష్యకు చేరలేకపోయినది. ఆకాశంలో దీపం పెట్టుట ఒక ఎత్తు, అది ఆరకుండ చమురు పోయుట మరొక ఎత్తు.

ఇంత సూక్ష్మమైన కొలత చేతికి వచ్చినది కదా, మరి మన మత్స్యకారుని ఆపద తీరినదా? తీరలేదు. ఎందుకు తీరలేదో మూడు కారణాలు చెబుతాను.

మొదటిది, పరికరం పడవ ఎక్కడ ఉన్నదో చెబుతుంది, ఇసుక మేట ఎక్కడ ఉన్నదో చెప్పదు. కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు, సముద్రపు కెరటం కలిసి హంసలదీవి మొదలు గిలకలదిండి వరకు ప్రతి మొగను ఏటేటా మార్చుతూనే ఉన్నవి. మొగ పూడినప్పుడు పోటు కొరకు కాచుకొని పడవలు నిలిచిపోవుట గిలకలదిండిలో అందరెరిగిన బాధ. నిరుటి దారిని పరికరంలో గుర్తు పెట్టుకొని చీకటిలో అదే గీత మీద వచ్చినవాడు, నిరుడు నీరున్న చోట ఈ ఏడు ఇసుక మీద ఎక్కవచ్చును. కొలత ఎంత సూక్ష్మమో పటం కూడ అంత నూతనంగా ఉండవలెను. లోతులు తరచు కొలిచి ప్రకటించనిదే ఉపగ్రహం ఒక్కటే మొగ దాటించలేదు.

రెండవది, గీత కనబడని సరిహద్దులు. 2018 నవంబరులో ఉత్తరాంధ్ర నుండి గుజరాతు తీరానికి కూలికి పోయి, అక్కడి పడవల మీద వేటాడుతున్న మన తెలుగు మత్స్యకారులు పాకిస్థాను జలాలలో ప్రవేశించారని ఆ దేశపు అధికారులకు చిక్కారు. వారిలో ఇరవైమంది 2020 జనవరిలో వాఘా వద్ద స్వదేశంలో అడుగు పెట్టేవరకు ఆ కుటుంబాలు పడిన వేదన వర్ణింపరానిది. నీటి మీద కంచె ఉండదు. ఆ కంచెను చూపగలిగినది స్థాననిర్ణయ పరికరం. దానిని చదువగలిగినవాడు ప్రతి పడవలో ఉండుట అవసరం.

మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది, నేను మొదట చెప్పిన విషయం. ఒడ్డుకు పడవ జాడ తెలియదు, పడవకు ఒడ్డు మాట వినబడదు. తీరం నుండి పది పన్నెండు కిలోమీటర్లు దాటితే సెల్ ఫోను మూగబోతుంది. 2017 నవంబరు చివర ఓఖీ తుఫాను కేరళ, తమిళనాడు తీరాల మత్స్యకారులను బలిగొన్నప్పుడు దూరసముద్రంలో ఉన్నవారికి హెచ్చరిక చేరలేదు. 2022 జూలైలో మన మచిలీపట్నం నుండి వేటకు వెళ్ళిన నలుగురి పడవ ఇంజను చెడి, వారి జాడ కొన్ని రోజులు తెలియలేదు. వెదకగా వెదకగా చివరకు వారు కోనసీమ తీరాన క్షేమంగా బయటపడినారు. ఆ కొన్ని రోజులు వారి ఇళ్ళలో పొయ్యి వెలిగి ఉండదని వేరే చెప్పనక్కరలేదు.

మాట చేరకపోవుట వలన కలిగే అనర్థం దివిసీమకు తెలిసినంతగా ఎవరికి తెలియును? 1864 నవంబరు 1 రాత్రి బందరు ఉప్పెనలో సుమారు ముప్పై వేలమంది మరణించారని చరిత్ర చెబుతున్నది. ఆనాడు ఆకాశం నుండి చూచే కన్ను లేదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడిన నాటికి ఆకాశంలో వాతావరణ ఉపగ్రహాలు ఉన్నవి, తుఫాను వస్తున్నదని వాతావరణశాఖ ఎరుగును. అయినను పదివేలకు మించి ప్రాణాలు పోయినవి. నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో ఊళ్ళకు ఊళ్ళే తుడిచిపెట్టుకు పోయినవి. ఎరుక ఉన్నచోట ప్రజలు లేరు. ప్రజలు ఉన్నచోటికి ఎరుక చేరలేదు.

దీనికి ప్రతిగా మరొక తేదీ గుర్తు చేసుకొనవలెను. 1980ల నడిమి కాలంలో ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా తీరగ్రామాలలో ప్రత్యేక రిసీవర్లు అమర్చి, సైరను మ్రోగించి, ప్రజల భాషలోనే తుఫాను హెచ్చరికలు వినిపించే ఏర్పాటు చేశారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం చెంతనే మహాతుఫాను తీరం దాటినప్పుడు లక్షకు పైగా జనాన్ని ముందుగా తరలించగలిగారు. మృతుల సంఖ్య వేయికి లోపు నిలిచినది. వేయి కూడ చిన్న సంఖ్య కాదు. అయినను 1977తో పోల్చితే, ఆకాశంలోని యంత్రానికి ఊరిలోని చెవికి మధ్య త్రాడు ముడిపడినప్పుడు ఏమి జరుగునో ఇది చాటుతున్నది. నేల మీద ముడిపడిన ఆ త్రాడును నీటి మీదకు కూడ పొడిగించుటే ఈ తరం చేయవలసిన పని.

ఆ పని మొదలైనది. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు వేడిమిని, నీటి రంగును ఉపగ్రహాల ద్వారా గమనించి చేపలు దొరికే చోట్లను తెలుపుతున్నది. 2019లో "జెమినీ" అనే పరికరం ద్వారా, గగన్ ఉపగ్రహాల సాయంతో, ఫోను అందని దూరంలోని పడవలకు కూడ హెచ్చరికలు పంపుట ఆరంభించారు. కాని అది ఒకవైపు మాటే. పడవ వినగలదు, పలుకలేదు. అందుకే రెండువైపుల మాటలాడే ట్రాన్స్‌పాండర్లను లక్ష పడవలకు అమర్చే పథకాన్ని 2024 ఆగస్టు 30న కేంద్రప్రభుత్వం ప్రారంభించినది. మీట నొక్కితే పడవ స్థానంతో సహా ఆపద సందేశం ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు చేరును. గిలకలదిండి అబ్బాయి రెండవ జవాబును మార్చగల పరికరం ఇదే.

దీనిని అందరూ సంతోషంగా స్వీకరిస్తారని అనుకొనరాదు. తీరగ్రామాలలో విన్న అభ్యంతరాలు కొన్ని ఉన్నవి. "మా జాడ తెలుపుట అంటే మా మీద నిఘా పెట్టుటే కదా" అంటారు కొందరు. "చేపలు దొరికే చోటు మా తాతలు మాకు చెప్పిన రహస్యం, పదిమందికి తెలిస్తే మా నోటి కూడు పోతుంది" అంటారు మరికొందరు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధకాలంలో పట్టుబడుతామన్న జంకు కూడ లేకపోలేదు. ఈ మాటలను అజ్ఞానమని త్రోసివేయుట న్యాయం కాదు. తన జాడను ఒకరి చేతిలో పెట్టేవాడు, ఆ జాడను ఎవరు చూస్తారు, ఎందుకు చూస్తారు అని అడుగుట అతని హక్కు. ఆపదలో రక్షించుటకు వాడవలసిన లెక్కలను వ్యాపారుల చేతికి ఇవ్వమని ప్రభుత్వం స్పష్టంగా చెప్పవలెను. పరికరం మీట నొక్కినప్పుడు గాలింపు పడవ కదలకపోతే, తరువాత ఎన్ని ఉపన్యాసాలు చెప్పినా ఆ పరికరాన్ని ఎవరూ నమ్మరు. నిఘా కంటె రక్షణ ముందు కనబడవలెను. అప్పుడే నమ్మకం నిలుస్తుంది.

తొందరపడవలసిన కారణం కూడ ఒకటి ఉన్నది. 2023 మేలో మచిలీపట్నం కొత్త ఓడరేవు పనులు ఆరంభమైనవి. రేపు పెద్ద పెద్ద ఓడలు ఈ నీళ్ళలోకి వస్తవి. ఆ ఓడలు తమ పేరును, స్థానాన్ని, వేగాన్ని రేడియో ద్వారా పరస్పరం చాటుకొనే పరికరం కలిగి ఉంటవి. అంతర్జాతీయ యాత్ర చేసే 300 టన్నులు, అంతకు మించిన ఓడలకు అది 2004 చివరి నుండి తప్పనిసరి. పెద్ద ఓడకు పెద్ద ఓడ కనబడును. చిన్న ఫైబరు పడవకు అటువంటి పరికరం లేకపోతే రాత్రివేళ ఆ ఓడ తెర మీద అది లేనట్లే లెక్క. రేవు కళకళలాడుట మనకు సంతోషమే. ఆ కళకళలో చిన్న దీపాలు ఆరిపోకుండ చూచుకొనుట మన ధర్మం.

విద్యార్థి మిత్రులారా, ఇక మన వంతు. గుడివాడ వైపు నుండి వచ్చే విద్యార్థులు కొందరు "సముద్రంతో మాకేమి పని?" అనుకొనవచ్చును. ఉప్పెన వచ్చిననాడు ఆ మాట ఎవరూ అనలేదు. వేట నిషేధం ఉండే 61 రోజులు ఇంచుమించు మన వేసవి సెలవులతో కలిసి వస్తవి. ఆ రోజులలో పడవలు ఒడ్డున ఉంటవి, తండేళ్ళు ఊళ్ళలో ఉంటారు, విద్యార్థులు ఖాళీగా ఉంటారు. ఇంతకంటె అనుకూలమైన అదను ఏది? జాతీయ సేవా పథకం విద్యార్థులు గిలకలదిండికి, నాగాయలంకకు పోయి, అక్షాంశ రేఖాంశాలను చదువుట, ఆపద మీట వాడుట, బ్యాటరీని కాపాడుకొనుట, సరిహద్దు గుర్తులను పరికరంలో నింపుకొనుట నేర్పవచ్చును. నేర్పుటతో పాటు నేర్చుకొనవచ్చును కూడ. చుక్కలను చూచి, నీటి రంగును చూచి దారి తెలుసుకొనే వృద్ధుల విద్యను వ్రాసి పెట్టుకొనుట మన బాధ్యత. పరికరం తడిసి మూగబోయిన రాత్రి ఆ విద్యయే దిక్కు.

కళాశాల పాలకవర్గం వారికి మూడు విన్నపాలు. ఒకటి, భౌతికశాస్త్ర ప్రయోగశాలకు ఒక స్థాననిర్ణయ పరికరం, మన తీరపు నౌకాపటం ఒకటి తెప్పించవలెను. రెండు, పరికరం వాడకాన్ని, తుఫాను హెచ్చరికల అర్థాన్ని తెలుగులోను ఉర్దూలోను నాలుగు పుటల చిన్న పుస్తకంగా అచ్చువేయించి తీరగ్రామాలలో పంచవలెను. మూడు, ఊరూర ఒక నోటు పుస్తకం పెట్టించి, ఏ పడవ ఎప్పుడు బయలుదేరినదో, ఎందరు ఎక్కినారో, ఎప్పటికి తిరిగి రావలెనో వ్రాసి ఉంచే అలవాటు కలిగించవలెను. ఉపగ్రహం పంపే సందేశాన్ని అందుకొనుటకు ఒడ్డున ఒక మనిషి మేలుకొని ఉండవలెను కదా! ఈ మూడింటికి కలిపి అయ్యే ఖర్చు మన వార్షికోత్సవపు పందిరి ఖర్చును మించదని నా అంచనా.

ఓడకు దారి చూపేవానిని పూర్వులు ముఅల్లిం అన్నారు. ఉర్దూలో పాఠం చెప్పే ఉపాధ్యాయునికి కూడ నేటికీ అదే పేరు. ఆ ఇద్దరికి ఒకే పేరు పెట్టిన పెద్దల మనసును మనం గ్రహించవలెను. వచ్చే ఏడు గిలకలదిండి అబ్బాయిని అదే రెండవ ప్రశ్న మరల అడగాలని ఉన్నది. "మా పడవ ఎక్కడ ఉన్నదో మా అత్తకు తెలుసు సార్" అని అతడు జవాబు చెప్పిననాడు, తరగతి నవ్వినా నేను వారితో కలిసి నవ్వగలను.